కాగితము లేని నాటిక: సండేస్కూలు పెద్దపిల్లల కొరకు ఒక పాఠము



క్రిస్మసు దగ్గరపడగానే నాటిక పుస్తకము వెదకుట మన సంఘములలో వాడుక. సంభాషణలు వ్రాసి పంచుతాము. షోలాపూరు పిల్లవాడు ఆ తెలుగు మాటలను మరాఠీ లిపిలో వ్రాసుకొనును. బరంపురములో ఒడియాలో, హుబ్బళ్ళిలో కన్నడములో వ్రాసుకొందురు. అప్పగించి దిగిపోవుదురు. ఇంట అవ్వతో గలగల మాటలాడు బిడ్డ వేదికమీద కొయ్యబొమ్మ యగుచున్నది. తెలుగు చదువురాని వానికి వేషమే దొరకదు, గొల్లల గుంపులో వెనుక నిలుచును. తొమ్మిదో తరగతికి వచ్చుసరికి అట్టివారు సండేస్కూలుకే రాకపోవుట మేము చూచుచున్నాము. అందుచేత ఈ పాఠము కాగితము లేకుండ నాటిక నేర్పుటను గూర్చినది. యానాములో తెలుగు చదువుకొను పిల్లలకును ఇది పనికివచ్చును, అప్పగింత జబ్బు వారికీ ఉన్నది గదా!

ఈ పద్ధతి పెరిగినది వలసవచ్చిన కుటుంబాల పిల్లల మధ్యనే. అమెరికాలోని చికాగోలో నీవా బోయిడ్ అను ఉపాధ్యాయిని ఆటల ద్వారా బోధించుట నేర్పెడివారు. 1924లో ఆమె వద్ద శిక్షణకు చేరిన వయోలా స్పోలిన్, 1939 మొదలు ప్రభుత్వ వినోద పథకములో నాటక విభాగము చూచుచు, పలు దేశాలనుండి వచ్చినవారి పిల్లలకు భాష అడ్డుకాకుండునట్లు ఆటలు కల్పించిరి. 1963లో అవి పుస్తకముగా వెలువడినవి.

ఆరాధన ముగిసిన పిమ్మట బల్లలు గోడవారకు జరపండి. పన్నెండుమంది పిల్లలు, నలుబది నిమిషములు చాలును.

మొదట అద్దము ఆట. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, ఒకరు నెమ్మదిగా ముఖము కడుగుకొనుట, జడ వేసికొనుట చేయగా, రెండవవారు అద్దములో నీడవలె అట్లే చేయవలెను. మాట లేదు గనుక బిడియము పోవును. తరువాత లేని బంతి. వలయముగా నిలిచి విసురుకొనుచుండగా, ఉపాధ్యాయుడు ఆట ఆపకుండ ప్రక్కనుండి "బంతి బరువెక్కింది", "ఇప్పుడు కాలుతోంది" అని చెప్పుచుండవలెను. పట్టుకొనువాని మోచేతులు వంగినచో బంతి వానికి నిజముగా కనబడుచున్నదన్నమాట.

పిమ్మట మూడు ప్రశ్నలు ఇవ్వండి: ఎక్కడ? ఎవరు? ఏమి చేయుచున్నారు? టిక్కెట్టు వరుసలో తల్లీకూతుళ్ళు, రేషను షాపులో ఇరుగుపొరుగువారు. రెండు నిమిషములు సొంత మాటలతో నడపవలెను. నియమము ఒక్కటే, తోటివాడు చెప్పినది కాదనరాదు. "అన్నా, నీళ్ళు తెచ్చాను" అన్నవానితో "నీ చేతిలో ఏముందిరా?" అంటే ఆట అక్కడే చచ్చును. "ఇంత ఆలస్యమా?" అని లేని గ్లాసు అందుకొన్నచో కథ సాగును. (తాగుబోతు వేషము ఎవరూ నేర్పకుండనే అందరికీ వచ్చును. మొదటి నెల దానిని మానిపించుట మేలు.)

ఇప్పుడు లూకా 15వ అధ్యాయము. చదివి వినిపించి గ్రంథము మూయండి. పెద్దకుమారుడు పొలమునుండి వచ్చి, ఇంట సందడి విని, అలిగి బయటనే నిలిచెను; తండ్రి వచ్చి బ్రతిమాలెను. అతడు లోపలికి వెళ్ళెనో లేదో లూకా వ్రాయలేదు. అక్కడనుండి పిల్లలను ఆడనివ్వండి. మేము చూచిన గుంపులలో పెద్దకుమారుని వేషధారి తరచుగా తమ్ముని బయటికి పిలువుమని పట్టుబట్టును. తమ్ముడు వచ్చి, ఏమి పలుకవలెనో తోచక తలవంచుకొనును. అప్పుడు ఉపాధ్యాయుడు మాట అందించరాదు. ఎంతసేపైనను ఆగవలెను.

నడుమ ఒడియా మాట, కన్నడ మాట దొర్లును. ఆపి దిద్దితిరా, రెండవ వాక్యము రాదు. ఆట అయిన పిమ్మట ఆ మాటకు తెలుగేదో ఇంటిలో పెద్దలనడిగి రమ్మనండి. శ్రీకాకుళం యాసయినను, పాలమూరు యాసయినను, ఎవరును వెక్కిరించరాదు. ఈ విషయములో మాత్రము మేము కఠినముగా నుందుము.

ప్రార్థనాలయములో ఆటలేమిటని అడుగు పెద్దలుందురు. వారినే పిలిచి తండ్రి వేషము ఇవ్వండి. ఇంట తాతకు హిందీలో జవాబిచ్చు మనుమడు ఆ గడపలో తెలుగులోనే పోట్లాడవలసి వచ్చును.

ఈ అధ్యాయము పూర్తియైనచో యోనా 4 తీసికొనండి. అదియు జవాబులేని ప్రశ్నతోనే ముగియుచున్నది.