మితవ్యయము: దాసోహమునకు తొలిమెట్టు



కాయకమును గూర్చియు, దాసోహమును గూర్చియు మన గృహములలోను మఠములలోను తరచుగా ప్రసంగములు జరుగుచుండును. ఈ రెంటి నడుమ నొక వంతెన కలదు. అదియే మితవ్యయము. ఆర్జించినదంతయు వ్యర్థముగా వెచ్చించువానికి దాసోహము చేయుటకు మిగులునదేమి? కావున నిత్యజీవనములో పొదుపును గూర్చియు, ఒకరు వాడిన వస్తువును మరియొకరు వాడుకొనుటను గూర్చియు ఈ పాఠమున విచారింతము.

లక్కమ్మ నేర్పిన లెక్క

12వ శతాబ్దమున కల్యాణమునందు, అనగా నేటి కర్ణాటకములోని బసవకల్యాణమునందు, ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను శరణదంపతులుండిరి. కన్నడమున ‘ఆయ్దు’ అనగా ఏరి, ‘అక్కి’ అనగా బియ్యము. నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అధికమైనదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను మరల పంపెనని సంప్రదాయ కథనము.

ఇందు రెండు పాఠములు గలవు. రాలిన గింజ హీనము కాదనునది మొదటిది. దానితోనే ఆ దంపతులు జంగమ దాసోహము నడిపిరి. ఊరక దొరకినను అక్కరకు మించి తీసికొనరాదనునది రెండవది. పాతసామానుల అంగడికి వెళ్లువారికి ఈ రెండును కావలెను. మొదటిది సిగ్గును పోగొట్టును. రెండవది ఆశను అదుపు చేయును.

పాతది వేరు, పనికిరానిది వేరు

మన అవ్వలు చిరిగిన చీరలను పొరలుగా పరచి బొంతలు కుట్టిరి. మెత్తబడిన పాత పంచె చంటిబిడ్డకు పొత్తిగుడ్డ అయ్యెను. పాతబట్టలు తీసికొని స్టీలు గిన్నెలిచ్చువారు వాటిని ఏరి, ఉతికి, కుట్టి మరల అమ్ముదురు. అదియు నొక కాయకమే. హైదరాబాదు ఆబిడ్స్ వీథులలో ఆదివారములందు పాతపుస్తకములు పరచి అమ్ముదురు. అట్టి పుస్తకముతో చదివినవాని విద్య పాతబడదు గదా!

కొనుటకు ముందు మూడు ప్రశ్నలు

1. ఇది లేక ఇంట ఏ పనియైన ఆగినదా? నూరు రూపాయల వస్తువు 30 రూపాయలకు దొరకినచో 70 మిగిలెనని మురియుదుము. అక్కర లేనిదైనచో 30 పోయినట్లే.

2. బాగుచేయుటకు ఎంత యగును? ఇత్తడి గిన్నెకు లోపలి కళాయి పోయియున్నచో తగరపు పూత వేయింపక అందు పులుసు కాచరాదు. మంచమునకు చెదయు నల్లియు చూడవలెను. విద్యుత్పరికరమును అంగడిలోనే నడిపించి చూడవలెను. వెలయు మరమ్మతు ఖర్చును కలిపి కొత్తదాని వెలతో పోల్చినగాని చవకయో కాదో తెలియదు.

3. ఇది ఎవరిది? దొంగసొత్తని తెలిసియు కొనుట చట్టరీత్యా నేరము, ధర్మరీత్యా పాపము. మరియు, ఆపదలో ఇంటి బిందె అమ్మవచ్చిన పేదవానిని గీచి గీచి బేరమాడుట పొదుపు కాదు. అది అతని కష్టమును మన లాభముగా మార్చుకొనుట. ఇత్తడికి తూకమునుబట్టి అంగడి వెల కలదు. ఆ వెల అతనికి దక్కవలెను.

పొదుపునకును లోభమునకును భేదము

ఈ రెండును చేతిని బిగించునవే. మిగిలినది ఎచటికి పోవుచున్నదో చూచినగాని భేదము తెలియదు. లోభి మిగిల్చి దాచును. శరణుడు మిగిల్చి పంచును. నేడు అనేక కుటుంబములు పాత బీరువాకు సిగ్గుపడి, కొత్త బీరువాకై అప్పు చేయుచున్నవి. పెండ్లి ఆడంబరమునకై తెచ్చిన అప్పు బిడ్డల చదువును మింగుచున్నది. సిగ్గుపడవలసినది వాడిన వస్తువునకు కాదు, తీర్చలేని అప్పునకు.

ఇచ్చునపుడును వివేకము కావలెను. బొత్తాములూడిన చొక్కాను, మూతలేని చెంబును ఇచ్చి దాసోహమనుకొనరాదు. ఉతికి, కుట్టి, మనమే వాడుకొనదగినట్లుగా చేసి ఇచ్చినదే దాసోహము. ఇష్టలింగమునకు అర్పించిన ప్రసాదమును పళ్లెమున విడువరాదన్న నియమము మనకు కలదు. ఆ శ్రద్ధయే బట్టపైనను, పాత్రపైనను, పుస్తకముపైనను ఉండవలెను.

ఆచరణకు

గృహిణులు వచ్చు సంచికవరకు ఒక చిన్న చిట్టా వ్రాయవలెను. కొత్తది కొనక బాగుచేసికొన్నవానిని, అందువలన మిగిలిన రూపాయలను అందు చేర్చవలెను. ఆ మొత్తములో కొంతైనను దాసోహమునకు తీయవలెను. మఠములవారు పరీక్షలు ముగిసిన పిమ్మట పాఠ్యపుస్తకములను సేకరించి, తరగతులవారీగా కట్టలు కట్టి, బడులు తెరచునాటికి పేదవిద్యార్థులకు అందింపవచ్చును. పెద్ద వంటపాత్రలను ఉమ్మడిగా ఉంచినచో శుభకార్యములకు బాడుగ ఖర్చు తప్పును.

రాలిన గింజను ఏరుటకు మారయ్య వంగెను. అక్కరకు మించినది వలదనుటకు లక్కమ్మ నిలిచెను. ఆ వంగుటయు, ఆ నిలుచుటయు మన యిండ్లలో నేర్వవలసిన విద్యలు.