రెండు మళ్ల పంటను జూచి విత్తనము నెంచవచ్చునా?

ఒక క్రొత్త వరివిత్తనము రెండు మళ్లలో ఎకరమునకు 30 బస్తాల చొప్పున పండినదనుకొందము. విత్తనములన్నిటి సగటు 20 బస్తాలు. దీనినే నమ్మి అప్పుచేసి పొలమంతయు ఆ విత్తనమే చల్లవచ్చునా? తొందర వలదందుము.

ఆ 10 బస్తాల ఆధిక్యమున కొంత విత్తనపు గుణము. కొంత ఆ మళ్ల నేలసారము, నీటివసతి. కావున గణకులు అట్టి ఫలితమును సగటువైపునకు కొంత జరుపుదురు. ఇదియే కుదింపు అంచనా.

ఎంత జరుపవలెను? సగటునుండి గల దూరముల వర్గముల సగటును విస్తృతి యందురు. ఒకే విత్తనమునకు మడికి మడికి గల విస్తృతి, విత్తనముల నిజగుణములలోని విస్తృతికి 2 రెట్లనుకొందము. అపుడు మళ్ల సంఖ్యను, దానికి ఆ 2 కలిపిన మొత్తముచే భాగింపవలెను. రెండు మళ్లయిన 2/4, అనగా సగము. 10 బస్తాలలో 5 మాత్రమే నమ్మి 25 అనవలెను. ఎనిమిది మళ్లలో 30 పండినచో 8/10, అంచనా 28. రెండు మళ్లలో 14 మాత్రమే పండినదానిని 17గా నెంచవలెను, వెంటనే త్రోసివేయరాదు.

మూడు లేక అంతకెక్కువ సగటుల నొకేసారి యెంచునపుడు, కుదింపువలన మొత్తముమీద తప్పు తగ్గునని 1956లో అమెరికా గణకుడు చార్లెస్ స్టైన్ చూపెను. అయినను నిజముగా శ్రేష్ఠమైన విత్తనమొకటి ఇందు తక్కువగా కనబడవచ్చును.

కావున సభ్యులు క్రొత్త విత్తనమును మొదట పలువురి పొలములలో కొద్దికొద్దిగా చల్లి, పంట కొలిచి వ్రాసికొనవలెను. మళ్లు పెరిగినకొలది కుదింపు తగ్గును. అప్పు ఆ పిమ్మటనే.