సెకండ్ల ముల్లు

కడప

అమ్మీ,

సోమవారం నుంచి నీకు కర్నూలు పెద్దాసుపత్రిలో వార్డు డ్యూటీ అని మీ అమ్మ చెప్పింది. దీపం పట్టుకొని ప్రమాణం చేస్తున్న ఫొటో కూడా పంపింది. బాగుండావు. నైటింగేల్ ప్రమాణం అంటాం గానీ అది ఆమె రాసింది కాదు. 1893లో అమెరికాలో డెట్రాయిట్ నర్సులు కూర్చింది. ఆమె రాసినవి లెక్కలు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకన్నా రోగాలతోనే ఎక్కువమంది చచ్చిపోయారని 1858లో రంగుల పటాలు గీసి చూపించింది. దీపం అందరికీ గుర్తుంది, పద్దు ఎవరికీ గుర్తులేదు.

నేను రాసేది ఆ పద్దు సంగతే. వార్డులో నా మొదటి వారం, ఏ ఆసుపత్రో చెప్పను. జ్వరం చూశాను, నాడి చూశాను. శ్వాస మాత్రం లెక్కపెట్టకుండా వరసగా అందరికీ 18 అని రాసేశాను. పక్క పిల్లలూ అట్లే రాస్తాండ్రి. హెడ్ సిస్టర్ తొమ్మిదో మంచం కాడ నిలబడి, "ఈయనకు 18 ఉందా?" అనింది. ఉందన్నాను. "ఆయన ఎక్స్‌రేకు పోయి గంటయింది పాపా" అనింది, అంతే. తిట్టింటే ఈపాటికి మరిచిపోయుందును.

శ్వాస నిండా ఒక నిమిషం చూడాల. మణికట్టు మీద చెయ్యి తియ్యొద్దు, నాడి చూస్తున్నట్టే ఉండి చూపు రొమ్ము మీదికి మళ్లించు. లెక్కపెడుతున్నావని తెలిస్తే ఎవరికైనా ఊపిరి మారిపోతుంది.

ఇంత చిన్న పనికి ఇంత పట్టింపెందుకని నువ్వు అడుగుతావు. వానకాలం వస్తే మన సీమలో పాముకాట్లు ఎట్లుంటాయో నీకు తెలుసు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నోళ్లను కరుస్తుంది. వాపుండదు, నొప్పుండదు, గాటు కూడా సరిగ్గా కనపడదు. పొద్దున్నే కడుపునొప్పి అంటాడు, రెప్పలు వాలిపోతుంటాయి. రాత్రి నిద్ర లేదులే అంటారు ఇంట్లోవాళ్లు. ఆ తర్వాత పడిపోయేది ఊపిరే. అట్లాంటి మనిషి చార్టులో చూడకుండా 18 వేస్తే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. రెప్ప వాలిందనిపిస్తే పైకి చూడమను. అనుమానం చాలు, సిస్టర్‌ను పిలువు. తప్పుగా పిలిచానే అని సిగ్గుపడొద్దు.

చెనక్కాయ చేలల్లో (మీ కర్నూలోళ్లకు బుడ్డలు) కరిచే రక్తపింజరిది వేరే దారి, అది నెత్తుటిని గడ్డకట్టనివ్వదు. పొడిగా ఉండే శుభ్రమైన గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదిలించకుండా పెట్టి, అప్పుడు ఒక్కసారి వంచి చూస్తారు. పారిందంటే విరుగుడు మందు అవసరమని అర్థం. సబ్బుపొడితో కడిగిన గొట్టమైతే ఆ పరీక్షను నమ్మేదానికి లేదు. మధ్యలో ఎత్తి చూసినా అంతే. పక్కన కూతురు ఏడుస్తాంటుంది, "ఏమైందమ్మా, చూడు" అని అందరూ అంటుంటారు. ఆ ఇరవై నిమిషాలూ చెయ్యి పెట్టకుండా నిలబడడం సూది వెయ్యడంకన్నా కష్టం. సూది నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది, దాని గురించి బెంగపడొద్దు.

ఆదోని, ఎమ్మిగనూరు నుంచే కాదు, గద్వాల నుంచి, రాయచూరు నుంచి కూడా జనం మీ ఆసుపత్రికొస్తారు. ఒకరు నొప్పంటారు, ఒకరు నోవంటారు, ఒకరు దర్దంటారు. తెలియని మాట వస్తే తల ఊపకు, చెయ్యి పెట్టి చూపించమను.

మీ చిన్నాయన ఆదివారం బస్సుకు వస్తాండాడు. ఆయన చేతికి నా గడియారం ఇచ్చి పంపుతాండా. రోజుకు రెండు నిమిషాలు ముందుకు పోతుంది. సెకండ్ల ముల్లు బాగుంది, నీకు దాంతోనే పని.

మీ పెద్దమ్మ