పదో తరగతికీ కాలేజీకీ మధ్య

ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే మన సంఘాలూ, మస్జిద్ కమిటీలూ మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలను పిలిచి, శాలువా కప్పి, జ్ఞాపికా నగదు బహుమతీ ఇస్తున్నాయి. ఇది మంచి ఆనవాయితీ. అయితే ఆ వేదిక ఎక్కే పిల్లలు కొద్దిమందే. మూడు వందలకూ నాలుగు వందల యాభైకీ మధ్య మార్కులతో ప్యాసైనవారు, ఒకటి రెండు సబ్జెక్టులు పోయినవారు మన పేటల్లో అంతకంటే ఎన్నో రెట్లు ఉంటారు. జూన్ నెలలో వీళ్లంతా ఎక్కడికి వెళుతున్నారు? దాతలైన మీ ముందు ఈ ప్రశ్న ఉంచడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

మేము విజయవాడలాంటి నగరాల్లో మున్సిపల్ ఉన్నత పాఠశాలల పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లం. మా పిల్లల తండ్రులు ఆటో నడుపుతారు, పండ్ల బండి పెట్టుకుంటారు, ఆటోనగర్ షెడ్లలో పనిచేస్తారు. తల్లులు ఇంట్లో మిషన్ కుడతారు. పిల్లల్ని చదివించాలన్న కోరిక ఈ ఇళ్లలో గట్టిగానే ఉంది.

సమస్య ఎక్కడ ఉంది?

జస్టిస్ రాజేంద్ర సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక గురించి మీరు వినే ఉంటారు. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం. అప్పటి దేశ సగటు కంటే అది తక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి వేరు. ఇక్కడ ముస్లింల అక్షరాస్యత సుమారు 68 శాతం ఉండగా రాష్ట్ర సగటు సుమారు 60.5 మాత్రమే. మనవాళ్లు ఎక్కువగా పట్టణాల్లో, బడులకు దగ్గరగా ఉండటం దీనికి ఒక ముఖ్య కారణం. అంటే మన పిల్లలు బడి గడప తొక్కుతున్నారు. బడి దాటి కాలేజీ గడప తొక్కే చోట జారిపోతున్నారు.

ఆ జారిపోవడం ఎలా జరుగుతుందో మేము ఏటా చూస్తున్నాం. మార్చి చివరికి పరీక్షలు అయిపోతాయి. పిల్లవాడు సెలవులే కదా అని మామయ్యగారి ఏసీ రిపేరు షాపుకు వెళ్లడం మొదలుపెడతాడు. శనివారం చేతికి డబ్బు వస్తుంది, ఇంట్లో దానికి అలవాటు పడతారు. ఫలితాలు వస్తాయి, దరఖాస్తుల గడువులు వస్తాయి, పోతాయి. ఆడపిల్ల అయితే "కాలేజీ దూరం, రెండు బస్సులు మారాలి" అంటారు. ఈలోగా ఒక సంబంధం వస్తుంది. చదువు మానిపించాలని ఎవరూ నిర్ణయం తీసుకోరు. కాలేజీ చదివినవారు ఇంట్లో ఒక్కరూ లేకపోవడం వల్ల, ఆ రెండు నెలల్లో ఏం చేయాలో చెప్పేవాళ్లు ఉండరు. అంతే.

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే చేయవలసిన పని

మొదటిది పేరు. మన పిల్లల్లో షేక్ అనే మాటకే ఇంగ్లీషులో నాలుగు రకాల స్పెల్లింగులు ఉంటాయి. ఆధార్‌లో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. మహమ్మద్, బేగం, సుల్తానా వంటి పేర్లదీ ఇదే తంతు. పదో తరగతి నామినల్ రోల్స్ బోర్డుకు వెళ్లేలోపు సరిచేసుకుంటే పని తేలిక. సర్టిఫికెట్ అచ్చయ్యాక సరిచేయించుకోవాలంటే నెలల తరబడి తిరగాలి.

రెండోది కుల ధ్రువీకరణ. 2007 చట్టం ప్రకారం విద్య, ఉద్యోగాలలో బీసీ-ఈ కింద ఉన్న 4 శాతం రిజర్వేషను ముస్లింలందరికీ వర్తించదు. షేక్‌తో సహా ఆ చట్టం జాబితాలో ఉన్న వర్గాలకే వర్తిస్తుంది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బిలోకి వస్తాయి. సయ్యద్, పఠాన్ కుటుంబాలు ఈ జాబితాల్లో లేవు. వారిలో ఆదాయ పరిమితికి లోబడినవారు ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. తమది ఏ వర్గమో తెలియక తప్పుగా దరఖాస్తు చేసి, కౌన్సెలింగ్ రోజున వెనక్కి వచ్చే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

మూడోది స్టడీ సర్టిఫికెట్లు. కౌన్సెలింగ్‌లో స్థానికత కోసం నాలుగు నుంచి పదో తరగతి వరకు ఎక్కడ చదివారో చూపించాలి. బతుకుతెరువు కోసం ఊళ్లు మారిన కుటుంబాల పిల్లలకు ఈ కాగితాలు మూడు నాలుగు చోట్ల నుంచి తెచ్చుకోవలసి వస్తుంది. మే నెలలో బడులకు సెలవులు. కాబట్టి ఈ పని ముందే అయిపోవాలి.

దారులు ఎన్నో ఉన్నాయి

మన ఇళ్లలో పదో తరగతి తర్వాత అంటే ఇంటర్ ఒక్కటే గుర్తుకొస్తుంది. అందులోనూ ఎంపీసీ, బైపీసీ. తల్లిదండ్రులకు మేము చెప్పే మిగతా దారులు ఇవి.

పాలిటెక్నిక్: పాలిసెట్‌లో 120 ప్రశ్నలు, అన్నీ పదో తరగతి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల నుంచే వస్తాయి. బోర్డు పరీక్షకు చదివిన చదువే దీనికీ పునాది. మూడేళ్ల డిప్లొమా పూర్తయ్యాక ఉద్యోగానికి వెళ్లవచ్చు. చదవాలనుకుంటే ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. గుంటూరు, కడప, కాకినాడల్లో అమ్మాయిలకు ప్రత్యేకంగా ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయని చాలామంది తండ్రులకు తెలియదు.

ఐటీఐ: ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, మోటార్ మెకానిక్ రెండేళ్ల కోర్సులు. వెల్డర్ ఒక ఏడాది. వెల్డర్ వంటి కొన్ని ట్రేడులకు ఎనిమిదో తరగతి ప్యాసైనా చాలు. షెడ్డులో ఇంజను విప్పి బిగించగల కుర్రవాడి పనితనాన్ని మేము తక్కువ చేయం. అదే పనితనానికి ఐటీఐ సర్టిఫికెట్ తోడైతే ఆర్టీసీలో, రైల్వేలో అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. సర్టిఫికెట్ లేకపోతే ఎంత పనిమంతుడైనా ఆ దరఖాస్తు ఫారమే నింపలేడు.

ట్రిపుల్ ఐటీలు: 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి మార్కులతోనే పిల్లలను ఆరేళ్ల కోర్సులో చేర్చుకుంటుంది. ప్రభుత్వ బడుల పిల్లలకు అక్కడ అదనపు స్కోరు కలుపుతారు.

ఇంటర్ వొకేషనల్: ల్యాబ్ టెక్నీషియన్ వంటి కోర్సులు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఉన్నాయి.

తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్షలు కొద్ది వారాల్లోనే వస్తాయి. గణితం ఒక్కటే పోయిన పిల్లవాడికి ఆ వారాల్లో రోజుకు రెండు గంటలు దగ్గర కూర్చుని చెప్పేవాళ్లు దొరికితే ఏడాది మిగులుతుంది. దొరకకపోతే చదువే పోతుంది.

మొదటి ఏడాది గట్టెక్కాలి

సీటు రావడంతో పని అయిపోదు. పాలిటెక్నిక్‌లో చేరిన పిల్లవాడికి డ్రాఫ్టర్, సైంటిఫిక్ కాలిక్యులేటర్, యూనిఫారం, బస్ పాస్ కావాలి. ఫీజు ప్రభుత్వం భరించినా ఈ ఖర్చులు ఇంటివే. ఉర్దూ, తెలుగు మీడియంలలో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లీషులో పాఠం వింటూ మొదటి మూడు నెలలు తలదించుకుని కూర్చుంటారు. మొదట్లోనే రెండు సబ్జెక్టులు పోతే కాలేజీకి వెళ్లడం తగ్గుతుంది, షాపుకు వెళ్లడం పెరుగుతుంది. వారానికి రెండు సాయంత్రాలు ఇంగ్లీషు, గణితం చెప్పించగలిగితే వీరిలో చాలామంది నిలబడతారని మా అనుభవం.

దాతలకు మా విన్నపం

మొదటి విన్నపం సమయం గురించి. మన దానధర్మాలలో ఎక్కువ భాగం రంజాన్ మాసంలో వస్తుంది. 2018లో రంజాన్ మే మధ్యలో మొదలై జూన్ మధ్యలో ముగిసింది. అడ్మిషన్లు జరిగేదీ అప్పుడే. కానీ రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది. 2025లో మార్చిలో వచ్చింది, మరికొన్నేళ్లకు జనవరికి చేరుతుంది. రంజాన్‌లో వచ్చిన సొమ్ము రంజాన్‌లోనే పంచేస్తే, జూన్‌లో పిల్లవాడు వచ్చి నిలబడేసరికి పెట్టె ఖాళీగా ఉంటుంది. కాబట్టి మీ సదకాలో ఒక వంతు "జూన్ నిధి"గా విడిగా పెట్టండి. జకాత్ సొమ్మును ఎలా, ఎవరికి, ఎప్పటిలోగా ఇవ్వాలో ఉలమాలను అడిగి నిర్ణయించండి.

రెండో విన్నపం మనుషుల గురించి. ప్రతి పేటకూ ఒక రిటైర్డ్ టీచరునో, డిగ్రీ చదివిన యువతీయువకులనో నియమించండి. తమ పేటలో పదో తరగతి రాసిన ప్రతి పిల్లవాడి పేరూ వారి పుస్తకంలో ఉండాలి. గడువు తేదీలు గుర్తుచేయాలి, వార్డు సచివాలయానికి తోడు వెళ్లాలి, వెబ్ ఆప్షన్లు దగ్గరుండి పెట్టించాలి. దీనికయ్యే ఖర్చు ఒక సన్మాన సభ ఖర్చును మించదు.

మూడో విన్నపం కాస్త కష్టమైనది. మీలో చాలామందికి షాపులు, షెడ్లు, వర్క్‌షాపులు ఉన్నాయి. మే నెలలో అక్కడ చేరిన పదిహేనేళ్ల కుర్రవాడు మా విద్యార్థే. వాడికి పని ఇచ్చి ఇంటికి ఆసరా అవుతున్నామని మీరు అనుకోవడం సహజం. జూన్ మొదటి వారంలో వాడిని పిలిచి, "నీ అడ్మిషన్ ఏమైంది బేటా?" అని ఒక్కమాట అడగండి. కాలేజీలో చేరితే ఆదివారం పనికి రమ్మనండి, చేరకపోతే మాకు కబురు చేయండి. టీచరు మాట వినని తండ్రి కూడా షావుకారు మాట వింటాడు.

వచ్చే ఏడాది సభలో మొదటి ర్యాంకు పిల్లలతో పాటు మరో లెక్క కూడా చదివి వినిపించాలని మా కోరిక: మన పేటల్లో పదో తరగతి రాసినవారు ఎందరు, వారిలో కాలేజీలో చేరినవారు ఎందరు, రెండో సంవత్సరంలోకి వెళ్లినవారు ఎందరు. ఆ మూడు సంఖ్యల మధ్య దూరం ఏటా కాస్త తగ్గితే మీరిచ్చిన ప్రతి రూపాయీ చేరవలసిన చోటికి చేరినట్టే. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించి, ఈ పిల్లలకు మేలైన దారి చూపుగాక. ఆమీన్.