ఆన్‌లైన్ డిగ్రీ ఎవరికి తగును, ఎవరికి తగదు

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినది మొదలు, మణుగూరు, అశ్వాపురము, పినపాక ప్రాంతముల తలిదండ్రులు నాయొద్దకు వచ్చి అడుగు ప్రశ్నలలో ఇటీవల ఒకటి మిక్కిలి తఱచుగా వినవచ్చుచున్నది. "సార్, పిల్లవాణ్ణి ఆన్‌లైన్ డిగ్రీలో చేర్పించి, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగుకు పంపిస్తే మూడేళ్లు కలిసొస్తాయి కదా?" అని తండ్రి అడుగును. ఆడపిల్ల తల్లి అడుగు ప్రశ్న మఱియొక విధముగా నుండును: "సంబంధం కుదిరేదాకా ఇంట్లోనే ఉండి ఫోన్‌లో చదువుకుంటుంది లెండి, కాలేజీ దేనికి?" ఈ రెండు ప్రశ్నల వెనుకను ఉన్న విశ్వాసము ఒక్కటే. ఆన్‌లైన్ డిగ్రీ యనగా కాలమును గాని శ్రమను గాని కోరక, వేఱొక పని జరుగుచుండగా తనంతట తాను సిద్ధించు పట్టా యని వారు నమ్ముచున్నారు. ఆ విద్యపై నాకు గౌరవము కలదు. కాని అది ఎవరి కొఱకు పుట్టినదో వారికి దానిని గూర్చి చెప్పువారు లేరు. ఎవరికి తగదో ఆ పదునెనిమిదేండ్ల బిడ్డల నెత్తిన మాత్రము దానిని మోపుచున్నారు.

ఇంటనుండి చదువుకొని పట్టా పొందుట తెలుగువారికి నిన్న మొన్న వచ్చిన వింత కాదు. భారతదేశమునందు మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేర మన నేలపైనే వెలసినది. దాని తొలి కార్యస్థానము నాగార్జునసాగరము. దానికి ప్రథమ ఉపాధ్యక్షులైన ఆచార్య జి. రామరెడ్డి గారే 1985లో ఢిల్లీయందు ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినపుడు దానికిని తొలి ఉపాధ్యక్షులైరి. 1991లో మన విశ్వవిద్యాలయము డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు ధరించినది. తెల్లవారుజామున బస్సెక్కి డ్యూటీకి పోవు గుమాస్తాలు, బడి మానిపించి పెండ్లి చేయబడిన స్త్రీలు, సైనికులు, ఖైదీలు, ఏ కళాశాల గుమ్మమును తొక్కు భాగ్యము లేనివారు అందు చదివి పట్టభద్రులైరి. ఇంటర్మీడియట్ సైతము చదువని వారికి అర్హతపరీక్ష పెట్టి ద్వారము తెఱచిన కాలము కూడ ఆ సంస్థ చరిత్రలో కలదు. ఆదివారపు తరగతులును, తెలుగులో నచ్చువేసిన పాఠ్యగ్రంథములును ఉన్నచోటికి ఇప్పుడు వీడియో పాఠములు, ఫోను తెరలు వచ్చి చేరినవి; కాని ఆ విద్య కోరు గుణము మాఱలేదు. ఎవరును అదలింపకుండ, ఎవరును చూడకుండ, తనకు తాను కూర్చుండి చదువగల మనస్సునే అది నాడును నేడును కోరుచున్నది.

అట్టి మనస్సు ఎవరికి కలదో తెలిసికొనగోరువారు మన ఓపెన్‌కాస్టు గనుల బదిలీ వర్కర్లను చూడవలెను. తండ్రి ఆరోగ్యము చెడి ఉద్యోగము విడువగా, ఆయన స్థానమున సింగరేణిలో చేరి, డిగ్రీ రెండవ యేట కళాశాల మానిన యువకులు మన కాలనీలలో వీథి వీథికిని కలరు. వారిలో కొందఱు మూడు నాలుగు సంవత్సరములు గడచిన పిమ్మట, జూనియర్ అసిస్టెంటు వంటి పరీక్షలకు పట్టా కావలెనని గ్రహించి, మఱల పుస్తకము పట్టుచున్నారు. అట్టివా డొకడు నాతో చెప్పిన మాటలలో నాకు మిక్కిలి విలువైనది ఇది: మొదటి సెమిస్టరులో తన్ను బాధించినది పాఠముల కాఠిన్యము కాదట, అడుగువా డెవడును లేకపోవుట యట. నైటుషిఫ్టు ముగించి వచ్చి, నిద్రించి, లేచి, పిల్లల నడుమ గంటన్నరసేపు చదువుకొనుటకు అతడు త్వరలోనే అలవాటుపడినాడు. కాని గణాంకశాస్త్రములో ఒక చిన్న సందేహము వారముల తరబడి గొంతులో ముల్లువలె నిలిచిపోయినదట. తుదకు అదే కోర్సులో నున్న మఱి యిద్దఱు గనికార్మికులను వెదకి పట్టుకొని, సెలవురోజున ముగ్గురును ఒకయింట కూర్చుండి చదువసాగిన నాటినుండి అతని చదువు గాడిలో పడినది. దూరవిద్యలో నెగ్గిన వారి నెవరినైనను అడిగి చూడుడు; ఇట్టి ఇద్దఱు ముగ్గురు తోడివారి మాట వారి నోట తప్పక వచ్చును.

గుండాల, కరకగూడెము వంటి అటవీమండలములనుండి చదువు వారి కష్టము వేఱు. అచ్చటి పల్లెలు కొన్నిటిలో సిగ్నలు ఒక చెట్టుక్రింద దొరకును, ఇంటిలో దొరకదు. వర్షాకాలమున ఆ చెట్టుక్రిందను దొరకదు. మణుగూరుకు వచ్చినపుడెల్ల పాఠములను ఫోనులోనికి దింపుకొని పోయి, రాత్రివేళ వంటపని తీఱిన పిమ్మట వినుచు, అసైన్‌మెంటు పంపవలసిన గడువునాటికి మఱల పట్టణమునకు ప్రయాణము కట్టిన గృహిణులను నే నెఱుగుదును. కెమెరా ముందు కదలక కూర్చుండి వ్రాయవలసిన పరీక్ష నడిమధ్య కరెంటు పోయినచో వారి ఆందోళన ఎట్లుండునో నగరవాసులు ఊహింపజాలరు. ఇన్నిటి నడుమ వారు పట్టా పొందిరన్నచో, తమ కాపట్టా ఎందుకో వారికి ముందే తెలిసియుండుటయే కారణము. తమ పిల్లల హోంవర్కు తామే చూడవలెనని యొకతె, అంగన్‌వాడీలో పైమెట్టునకు పోవలెనని మఱియొకతె చదివినది. అట్టివారికి ఆన్‌లైన్ అయినను, సార్వత్రికమైనను, ఈ విద్యను నేను నిస్సంకోచముగా చెప్పుదును. అంబేడ్కర్ విశ్వవిద్యాలయము 2025లో గోండు, కోయ, చెంచు విద్యార్థులకు ఉచితవిద్యను ప్రకటించినది. మన చుట్టుప్రక్కల కోయగూడెములలో చదువు నడుమ విడిచిన యువతీయువకు లెందఱో కలరు గనుక, ఈ వార్త వారి గడపలకు చేర్చవలసిన బాధ్యత చదువుకొన్న ప్రతివానిపైనను కలదు.

ఇక పదునెనిమిదేండ్ల బాలుని సంగతి. వానికి ఉద్యోగము లేదు, సంసారము లేదు, పగలెల్ల తీఱికయే. కావున వాడు అందఱికంటె సులభముగా చదువుననుకొనుట తలిదండ్రుల భ్రమ. తీఱిక చదువునకు హేతువు కాదు. ఉదయము లేచి పోవలసిన చోటొకటి, మాట్లాడు గురువొకడు, పోటీపడు తోటివారు లేని బాలునకు ఆ ఫోనే పాఠశాల, ఆ ఫోనే ఆటస్థలము, ఆ ఫోనే సినిమాహాలు అగును. కోచింగుకు పోయినవాని స్థితి మఱింత విషమము. అశోక్‌నగర్ హాస్టలు గదిలో నలుగురితో కలసి పండుకొని, ఉదయము పోటీపరీక్షల క్లాసులు విని, సాయంకాలము రీడింగురూములో చోటుకై వేచి, డిగ్రీ పాఠములు ఆదివారము చూచుకొందునని వాయిదా వేయును. ఆ ఆదివారము రాదు. నోటిఫికేషను వెలువడునాటికి బ్యాక్‌లాగులు పేరుకొని పట్టా చేతికి రాదు, పట్టా లేక దరఖాస్తు చేయరాదు. మూడేండ్లు కలిసివచ్చునని పంపిన తండ్రి, హాస్టలుకును కోచింగుకును ధారపోసిన ధనమును లెక్కించుకొనుచు కొడుకును నిందించును. ఆ నింద అన్యాయమైనది. ఆ మార్గమును ఎంచినవాడు బాలుడు కాడు.

రెగ్యులర్ కళాశాలను విడుచుటవలన పోవునవి చాల కలవు. ప్రయోగశాల పోవును, ప్రభుత్వము చెల్లించు ఫీజు రీయింబర్సుమెంటు పోవును, ఏలయన దూరవిద్యార్థులకు ఆ పథకము వర్తింపదు. హాస్టలు వసతి, ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్., గ్రంథాలయము, నలుగురి ముందు నిలిచి మాట్లాడు అలవాటు, ఇవి అన్నియు పోవును. ఆడపిల్లలకు పోవునది ఇంకను ఎక్కువ. కళాశాల ఆమెకు ఇల్లు దాటి లోకమును చూచు మూడు సంవత్సరముల అవకాశము. దానిని తీసివేసి, ఫోను చేతికిచ్చి, చదివించుచున్నామని చెప్పుకొనుట ఆ బిడ్డకు చేయు ద్రోహమని నేను నిర్మొగమాటముగా చెప్పుచున్నాను. మణుగూరులోనో కొత్తగూడెములోనో ప్రభుత్వ డిగ్రీ కళాశాలయందు, లేక గిరిజన సంక్షేమ గురుకుల డిగ్రీ కళాశాలయందు సీటు దొరకు అవకాశముండగా, ఇంటర్ ముగించిన బాలబాలికలకు ఆన్‌లైన్ డిగ్రీని నే నెన్నడును సూచింపను. దోస్త్ ద్వారా చేరుటయే ఆన్‌లైన్ డిగ్రీ యని పొరపడు తలిదండ్రులును కలరు గనుక ఒక మాట: 2016 నుండి నడచుచున్న దోస్త్ కేవలము ప్రవేశపద్ధతి, అందు ఆన్‌లైన్‌లో జరుగునది దరఖాస్తు మాత్రమే, చదువు తరగతిగదిలోనే.

ఇప్పుడు మోసముల మాట. విశ్వవిద్యాలయపు పేరు చెప్పి ఫోను చేయువారిలో పెక్కండ్రు విశ్వవిద్యాలయపు ఉద్యోగులు కారు; చేరినవారి తలకింత యని కమీషను పొందు అమ్మకందార్లు. "ఇవాళే కడితే రాయితీ, రేపటికి సీటు ఉండదు" అనుట వారి మొదటి ఎత్తుగడ. ఒక్కసారి కట్టలేనని తండ్రి చెప్పగానే, నెలసరి వాయిదాలని యనుచు, ఆయన పేరనే యొక ఋణమును వ్రాయింతురు. విద్యార్థి రెండవ సెమిస్టరులో చదువు మానును; వాయిదాలు మానవు. తాను సంతకము చేసినది ఫీజు పత్రమా, అప్పు పత్రమా యని ఎఱుగని కార్మికులను నేను చూచితిని. డిగ్రీ ఇచ్చు అధికారము విశ్వవిద్యాలయమునకే కాని మధ్యనున్న కంపెనీకి లేదనియు, ఫ్రాంచైజీ పద్ధతి నిషిద్ధమనియు విశ్వవిద్యాలయముల నియంత్రణసంస్థయైన యూజీసీ 2022లో స్పష్టముగా హెచ్చరించినది. ఆన్‌లైన్ పీహెచ్‌డీ యను మాట వినబడినచో అచ్చటనే లేచి రావలెను. దానికి గుర్తింపే లేదు.

బజారులో రెండు గదులు అద్దెకు తీసికొని, పరరాష్ట్రపు విశ్వవిద్యాలయము బోర్డు కట్టి, పరీక్ష కూడ ఇచ్చటనే వ్రాయింతుమని చెప్పువారినిగూర్చి మఱింత జాగరూకత వలయును. రాష్ట్ర విశ్వవిద్యాలయములు, అందు ప్రైవేటువియు, తమ దూరవిద్యాకేంద్రములను రాష్ట్రపు ఎల్ల దాటి నడుపరాదు. ఆన్‌లైన్ కోర్సుకు ఎల్ల లేదు గాని, దానికి బజారులో గదితో పనియును లేదు. ఇంజనీరింగు, వైద్యము, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రము, వ్యవసాయము ఈ మార్గమున చదువరాదు. 2025 నుండి సైకాలజీ, పోషకాహారశాస్త్రము వంటివియు ఆ నిషిద్ధజాబితాలో చేరినవి. ఇది కాగితపు నిబంధన మాత్రమే యనుకొనువారు 2017 నవంబరు 3వ తేదీని గుర్తుంచుకొనవలెను. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయములు అనుమతి లేకుండ దూరవిద్యద్వారా ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలలో కొన్నిటిని ఆనాడు సుప్రీంకోర్టు రద్దు చేసినది, మఱికొన్నిటిని మఱల పరీక్ష జరుగువఱకు నిలిపివేసినది. ఆ పట్టాలతో ఉద్యోగములు పొంది, సంసారములు ఏర్పఱచుకొన్నవారి గతి ఏమై యుండునో ఆలోచింపుడు. యూజీసీవారి దూరవిద్యావిభాగపు జాబితాలో ఆ విశ్వవిద్యాలయము, ఆ కోర్సు, ఆ సంవత్సరము, మూడును ఉన్నవని కన్నులార చూడనిదే ఒక్క రూపాయియు కట్టరాదు. జాబితాలో నున్న పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో ప్రకటించినది గనుక ఆ విషయమున భయము అనవసరము. ఇట్టి డిగ్రీలో చేరుటకు అర్హత ఇంటర్మీడియట్ ఉత్తీర్ణత. ప్రవేశమునకు యూజీసీ దూరవిద్యావిభాగమువారి గుర్తింపు సంఖ్య, అనగా డెబ్ ఐడీ, తప్పనిసరి.

ఇటీవల ఐఐటీ మద్రాసు వారి డేటాసైన్సు బీఎస్ డిగ్రీపై తలిదండ్రులకు మోజు హెచ్చినది. 2020లో ఆరంభమైన ఈ కోర్సును నేను మెచ్చుకొందును. జేఈఈ లేకయే ప్రవేశమొసగుచు, పేదలకును, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకును రుసుములో 75 శాతమువఱకు తగ్గించుచున్నారు. కాని ఐఐటీ యను పేరు విని దొడ్డిదారి దొరకినదని సంతోషించువారు తెలిసికొనవలసినది, అది మిక్కిలి కఠినమైన చదువు. నాలుగు వారముల పాఠములు చదివి, అర్హతపరీక్ష నెగ్గిననే లోని కడుగు పెట్టనిత్తురు. పిదప ప్రతివారమును అసైన్‌మెంట్లు, నగరములలోని కేంద్రములకు స్వయముగా పోయి వ్రాయవలసిన పరీక్షలు, పూర్తి పట్టాకు 142 క్రెడిట్లు. గణితము నందు నిజమైన ఇష్టము గల బాలునకు ఇది వరము. ఇష్టము లేనివానిని తండ్రి కాలనీలో చెప్పుకొను గొప్పకొఱకు ఇందు త్రోయుట క్రౌర్యము. ఇష్టము గలవానికైనను నేను చెప్పు మార్గము వేఱు: ఒక రెగ్యులర్ డిగ్రీని, ఒక ఆన్‌లైన్ డిగ్రీని ఏకకాలమున చదువుటకు యూజీసీ 2022లో అనుమతించినది గనుక, మణుగూరు కళాశాలలో బీఎస్సీ చదువుచు, దీనిని రెండవదిగా ప్రారంభింపవచ్చును. భారము మోయలేనిచో ఫౌండేషను దశతో సర్టిఫికెటు తీసికొని నిలిచిపోవచ్చును; మొదటి డిగ్రీకి హాని యుండదు.

ఏ వయస్సువారైనను, ఆన్‌లైన్ డిగ్రీలో చేరుటకు ముందు నేనొక పరీక్ష పెట్టుదును. కేంద్రప్రభుత్వము 2017లో నెలకొల్పిన స్వయం వేదికపై జనవరిలోను జులైలోను కోర్సులు మొదలగును. వినుటకు రుసుము లేదు, సర్టిఫికెటు కావలసినవారే పరీక్షరుసుము కట్టుదురు. మీరు చదువదలచిన శాస్త్రములో ఒక్క కోర్సును ఎంచుకొని, ప్రతివారపు అసైన్‌మెంటును గడువులోపల పంపుచు, చివరివఱకు పూర్తిచేయుడు. పూర్తిచేసితిరా, తరువాతి విడతలో నిశ్చింతగా రుసుము కట్టుడు. మూడవ వారముననే విడిచితిరా, కళాశాలలో చేరుడు, లేక చేయుచున్న ఉద్యోగము కుదురుకొను వఱకు ఆగుడు. విడిచిన సంగతి తండ్రితో చెప్పుటకు జంకు కలిగినచో, ఆయనను వెంటబెట్టుకొని నాయొద్దకు రండు. ఆ మాట నేను చెప్పెదను.