వాకిలి చూసే కన్ను

పెరట్లో కట్టేసిన రెండు మేకలు రాత్రికి రాత్రి పోయాయి. కుక్క మొరిగింది. అత్తా కోడలూ లేచి చూసేసరికి దడి తలుపు తీసి ఉంది. సంఘం అప్పుతో కొన్న మేకలవి. అప్పు ఇంకా తీరలేదు. ఇంకా మూడు మేకలు మిగిలాయి.

"కెమెరా పెట్టిద్దాం అత్తయ్యా" అంది కోడలు.

"అది దొంగని పట్టుకుంటుందా ఏమిటే?"

పట్టుకోదు. వచ్చింది ఎవరో చూపిస్తుంది. అదైనా సరైన చోట పెడితేనే.

షాపు నుంచి కుర్రాడు వచ్చాడు. "నాలుగు కెమెరాలు కావాలమ్మా" అన్నాడు. మిద్దె మూల ఒకటి పెట్టి చూపించాడు. ఫోనులో పెరడంతా కనబడింది. కోడలు దడి తలుపు దగ్గరకు వెళ్లి నిలబడింది. ఆమె నడినెత్తి కనబడింది గాని ముఖం కనబడలేదు. ఇంతలో అత్త ఉలిక్కిపడింది.

"ఓరి నాయనా! మన స్నానాల దడి కనబడుతోంది! పక్కింటి వాళ్లదీ కనబడుతోంది!"

ఆ దడికి పైకప్పు లేదు. కెమెరా బొమ్మ ఇంట్లోనే ఉండిపోదు. నెట్ ద్వారా ఎక్కడి ఫోనుకైనా పోతుంది. 2025లో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఇదే జరిగింది. ఒక కాన్పుల ఆసుపత్రిలో కెమెరా తీసిన ఆడవాళ్ల బొమ్మలు బయటికి పోయాయి. వాటిని నెట్‌లో అమ్ముకున్నారు. స్నానం చేసే ఆడమనిషిని ఎవరు చాటుగా చూసినా, బొమ్మ తీసినా నేరం. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు.

"నాలుగు వద్దు బాబూ, రెండు చాలు" అంది కోడలు.

ఒకటి దడి తలుపు పక్కన, ఎనిమిది అడుగుల ఎత్తున పెట్టారు. చేతికి అందదు. ముఖం బాగా కనబడుతుంది. మొదట తూర్పుకి తిప్పితే పొద్దుటి ఎండకి బొమ్మ మసకబారింది. ఉత్తరానికి తిప్పారు. రెండోది కొట్టం స్తంభానికి బిగించారు. దాని వీపు స్నానాల దడి వైపు ఉంది.

రాత్రి కెమెరా మన కంటికి కనబడని వెలుతురు వదులుతుంది. దగ్గర్లో గోడ, కొమ్మ ఉంటే ఆ వెలుతురు తిరిగి కొడుతుంది. బొమ్మ తెల్లబోతుంది. అందుకే మునగ కొమ్మ ఒకటి నరికారు. కాయలు పోయాయని అత్త సణిగింది.

వానలో తడిసేది గనక కెమెరా మీద ఐపి66 అని ఉండాలి. కోడలు అట్ట పెట్టె మీద ఆ అక్షరాలు చదివే తీసుకుంది. కరెంటు పోయినా నడవడానికి ఇన్వర్టర్‌కి కలిపారు. ఈ ఖర్చు షాపువాడు ముందు చెప్పలేదు!

చివరికి పాస్‌వర్డ్. అది కెమెరాకి తాళం చెవి లాంటి మాట. షాపు వాళ్లు పెట్టిన మాట అలాగే ఉంచకూడదు. కోడలు కుర్రాణ్ణి అటు తిరగమంది. కొత్త మాట తనే కొట్టింది. అదేమిటో అత్తకీ కోడలికే తెలుసు.

వారం తర్వాత రాత్రి బొమ్మలో తెల్లటి దారాలు ఊగాయి. అత్త భయపడింది. చూస్తే సాలెగూడు. అప్పటి నుంచి ప్రతి శనివారం కర్రకి గుడ్డ కట్టి కెమెరా తుడుస్తోంది.