ముందు పొద్దు తేల్చుకో

మార్కాపురం



మీ గిద్దలూరు ఇంటి మేడమీద గదిలో దిగువమెట్ట నుంచి దొరబావి వంతెన దాకా పాత మీటర్‌గేజి లైనును మోడల్‌గా కట్టబోతున్నావని చదివి చాలా సంతోషించాను. 1880ల్లో నల్లమలను తొలుచుకుంటూ వేసిన లైను అది. 1990ల్లో బ్రాడ్‌గేజి వచ్చి కొత్త దారి పట్టాక ఆ వంతెన అడవి పాలైంది. 1:87 కొలతలో 12 మిల్లీమీటర్ల పట్టాల మీద వైపీ ఆవిరి ఇంజను మళ్లీ ఆ కొండల్లో తిరుగుతుందంటే, నా ఉద్యోగమంతా రైల్వే ఎలక్ట్రికల్‌లోనే గడిచినవాణ్ణి, నాకు అంతకంటే ఏం కావాలి?

గదికి ఏ లైట్లు కొనమంటావని అడిగావు. కొనేముందు ఒక సంగతి తేల్చుకో. నీ టేబుల్ మీద టైమెంత? ఉదయమా, మిట్టమధ్యాహ్నమా, పొద్దు గూకే వేళా? మీ ఊరికి నల్లమల పడమర దిక్కు. పొద్దున్నే ఎండ తిన్నగా కొండ ముఖాన పడుతుంది. ఏ గండి ఎక్కడుందో, ఏ చెట్టు వరసలో ఏ బండ ఉందో విడివిడిగా కనిపిస్తాయి. సాయంత్రం సూర్యుడు వెనక్కి దిగాక అదే కొండ ఒట్టి నల్ల అంచుగా మిగులుతుంది. మేడెక్కి రెండు పూటలా చూడు. ఈ రెంటికీ లైటు ఒక చోటు నుంచి రాదు, ఒక రంగులోనూ ఉండదు.

నా మాట వింటే ఉదయం ఎనిమిది గంటలు పెట్టుకో. కొండల్ని పడమటి గోడ వైపు కట్టు, చూసేవాళ్లు తూర్పున నిలబడతారు. లైటు వాళ్ల వైపు నుంచి, వాళ్ల తల మీదుగా రావాలి. చాలామంది టేబుల్ నడిమధ్యన పైకప్పుకు ట్యూబ్‌లైట్ బిగిస్తారు. అప్పుడు రైలు పెట్టెల పైకప్పులు తళతళలాడతాయి, మనం చూసే పక్క మాత్రం చీకటిగా ఉంటుంది. టేబుల్ అంచుకన్నా ఒక అడుగు ముందుకు వచ్చేలా పైకప్పు నుంచి ప్లైవుడ్ చెక్క వేలాడదీసి, దాని వెనక లైట్లు దాచు. చూసేవాళ్ల కంట్లో వెలుతురు గుచ్చకుండా ఆ చెక్క కిందికి దిగాలి. విడి బల్బులు వరసగా పెడితే ఒక్క తంతిస్తంభానికి నాలుగు నీడలు పడతాయి, నాలుగు సూర్యుళ్లున్నట్టు. పాలరంగు మూత ఉన్న అల్యూమినియం ప్రొఫైల్‌లో ఎల్ఈడీ స్ట్రిప్ ఆ చివర నుంచి ఈ చివరకు ఏకంగా నడిపించు. నీడలు మెత్తబడతాయి.

ఇక రంగు. కొట్లో అడక్కపోతే నీకిచ్చేది 6500 కెల్విన్ కూల్ డేలైట్. పేరు చూసి పగటి వెలుగు అనుకునేవు. బయట ఎండ లక్ష లక్స్ దాకా పోతుంది, నీ గదిలో బాగా వెలిగిస్తే ఐదారు వందలు. అంత తక్కువ వెలుతురులో 6500 మన కంటికి మబ్బు పట్టినట్టు, నీలంగా, చలిగా తోస్తుంది. 4000 తీసుకో. 3000 అయితే ఉదయానికి మరీ వెచ్చన.

కెల్విన్ కన్నా పట్టించుకోవలసింది డబ్బా మీద సీఆర్ఐ అని ఉండే అంకె. వస్తువుల రంగుల్ని ఆ లైటు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత అది, నూటికి. తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలం చిప్పు, దానిమీద పసుపు ఫాస్ఫర్ పూత. చవక సరుకులో ఎరుపు పాలు తక్కువ. మన ఎర్రమట్టి, ఇటుక గోడ, ఇంజను ముందరి ఎర్ర బఫర్ పట్టీ, ఎండుటేకు ఆకు, అన్నీ దాని కింద బూడిద కొట్టుకుపోతాయి. నువ్వేమో రంగు తప్పయిందనుకుని మళ్లీ మళ్లీ పూస్తావు. 90కి తగ్గకుండా తీసుకో. ఆర్9 అని విడిగా రాసి ఉంటే అది ఎరుపు లెక్క, యాభై దాటితే మంచిది. అంకె అసలే లేని డబ్బాను పక్కన పెట్టెయ్.

మార్కాపురం పలకరాయి ముక్కలు నీకు పంపిస్తున్నాను, కొండ చరియలకు అంతకంటే నిజమైన రాయి దొరకదు. నల్లది, బూడిదది, ఆకుపచ్చ జీర ఉన్నది ఉన్నాయి. వాటిని గుప్పెడు ఎర్రమట్టితో పాటు సంచిలో వేసుకుని లైట్ల కొట్టుకు పో. వెలిగించిన ప్రతి లైటు కింద పెట్టి చూడు. మూడు రాళ్లూ మూడు రంగులుగా కనిపించే లైటే కొను. ఇంటికొచ్చాక రాయి కోసేటప్పుడు తడిపి కొయ్యి, ముక్కుకు మాస్క్ కట్టుకో. పలక దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. మా ఊళ్లో పలకల పని చేసినవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ణి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

లైట్లు బిగించాకే రంగు డబ్బా మూత తియ్యి. ఏ వెలుతురులో చూపిస్తావో ఆ వెలుతురులోనే పుయ్యాలి. కిటికీకి దళసరి పరదా వెయ్యి, ఎండకు కృత్రిమ గడ్డి రంగు త్వరగా వెలిసిపోతుంది.

కరెంటు సంగతి. పన్నెండు వోల్టుల స్ట్రిప్ ఐదు మీటర్లు ఒక కొస నుంచే ఇస్తే అవతలి కొస మసకబారుతుంది. 24 వోల్టులది తీసుకో, లేదా రెండు కొసల నుంచీ ఇవ్వు. మీటరుకు 14 వాట్లనుకుంటే ఆరు మీటర్లకు 84, దానికి కనీసం వంద వాట్ల ఎస్ఎంపీఎస్ పవర్ సప్లై పెట్టు. మే నెలలో మీ మేడగది ఎలా ఉడుకుతుందో నీకు చెప్పాలా? ఎస్ఎంపీఎస్‌ను థర్మోకోల్ కొండల కింద దాచకు, గాలి ఆడే చోట గోడకు బిగించు. పట్టాలకిచ్చే సప్లైని దీంతో కలపొద్దు. డిమ్మర్ కొంటే వెలుతురు సగానికి తగ్గించి ఫోన్‌తో స్లోమోషన్ వీడియో తీసి చూడు, చారలు కొట్టుకుంటుంటే ఆ డిమ్మర్ వద్దు.

హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌ల్యాండ్ అనే మోడల్ రైళ్ల ప్రదర్శనలో పదిహేను నిమిషాలకొకసారి పగలూ రాత్రీ మారతాయి. నీకు అంత అవసరం లేదు, రెండు స్విచ్చులు చాలు. ఒకటి ఉదయానికి. రెండోది కొండల వెనక, గోడకూ కొండకూ మధ్య దాచిన నారింజ రంగు స్ట్రిప్. ముందరిది ఆర్పి అది వేస్తే మీ ఊరి సాయంత్రం వస్తుంది.

అప్పుడు స్టేషను దీపాలు కావాలి. ఆవిరి ఇంజన్ల కాలంలో అవి కిరసనాయిలు దీపాలు. 3 మిల్లీమీటర్ల వార్మ్ ఎల్ఈడీకి పన్నెండు వోల్టుల మీద 1 కిలోఓమ్ రెసిస్టర్ వేస్తే పెట్రోమాక్స్ లైటులా మండుతుంది. 4.7 గానీ 10 కిలోఓమ్‌లు గానీ వెయ్యి. గోడలు మెరవకుండా స్టేషను గది లోపల నల్లరంగు పుయ్యి. రెక్క సిగ్నల్‌కి ఇంకో రహస్యముంది. పాత సిగ్నల్ ఆకుపచ్చ అద్దం పగలు చూస్తే నీలంగా ఉండేది. వెనక నూనెదీపం మంట పసుపు కాబట్టి రెండూ కలిసి డ్రైవరుకు ఆకుపచ్చగా కనిపించేవి. నువ్వు అలాంటి అద్దమే పెట్టి వెనక తెల్ల ఎల్ఈడీ పెట్టావో, సిగ్నల్ నీలంగా వెలుగుతుంది. అక్కడా వార్మ్‌దే పెట్టు.

ప్లైవుడ్ చెక్క కొలతలు, గది పైకప్పు ఎత్తు రాసి పంపు. వైరింగు బొమ్మ గీసి పంపిస్తాను. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

మీ మామయ్య